పల్లం వైపు మనిషి

శుక్రవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక, భోజనం అంటే పొద్దున హోటల్ వాళ్ళ ఫలహారాల బల్ల దగ్గర భార్య రోస్విట కాగితపు రుమాళ్ళలో చుట్టి చేతిసంచీలో దాచి తెచ్చిన రెండు హ్యామ్ రొట్టెలే, అవి తిన్నాక ఎగాన్ యబ్లోంకా మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పుకేసి చూస్తున్నాడు. కప్పు సమంగా ఉంది. అదే వచ్చిన తంటా. ఈ మూడు నక్షత్రాల హోటల్లో నేల సమం, గోడలు సమం, స్నానాల గదిలో నీళ్ళు కూడా ఎటు పోవాలో తెలియక కాసేపు నిలబడి ఆలోచించి మరీ పోతున్నాయి. వచ్చిన మొదటి రోజు గదిలో నాలుగడుగులు వేసేసరికి పడవెక్కినవాడిలా బీరువా పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ భుజం కాస్త కిందికి వంచి నడవడం అలవాటైన మనిషిని ఒక్కసారిగా సమతలం మీద వదిలితే ఏమవుతాడు, ఎదురుగా వచ్చే ప్రతి గోడకీ క్షమాపణ చెప్పుకుంటూ పోతాడు. మంచం తలాపున పాత బొగ్గుగని గోపురం ఫోటో ఒకటి వేలాడుతోంది. అది ఎగాన్ కంటికి వంకరగా కనిపిస్తుంది. రోజూ పొద్దున దాన్ని సరిచేస్తాడు, అంటే ఒరగేస్తాడు. గది తుడిచే ఆవిడ వచ్చి రోజూ దాన్ని మళ్ళీ నిటారుగా పెడుతుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు గానీ, పది రోజుల పైబడి ఆ ఫోటో మీద యుద్ధం చేసుకుంటున్నారు.

పక్కన రోస్విట నిద్రపోతోంది. పక్కన అంటే పక్క పరుపు మీద, అటు తిరిగి. ఒకే మంచంలో రెండు పరుపులు, రెండు దుప్పట్లు, మధ్యలో అరచేయి దూరేంత సందు. ఆ సందు ఎంత చిన్నదో అంత లోతు. కిటికీ అవతల ఫర్నిచర్ దుకాణం జెండాలు వానకు తడిసి వేలాడుతున్నాయి, దాని వెనక పెద్ద రోడ్డు మీద లారీలు ఒకటే హోరు. ఒంటిగంట నుంచి మూడింటిదాకా మధ్యాహ్నం విశ్రాంతి వేళ కాబట్టి హోటల్లో ఎవరూ తలుపు కూడా గట్టిగా వేయరు, లారీలకు మాత్రం ఆ మర్యాద లేదు. ఇంటిని నిలబెడుతున్న ఇంజినీరు వెస్ట్‌కాంప్ ఫోన్ చేస్తానన్నాడు. రెండు కొట్టేలోపే చేస్తాడు, ఎందుకంటే శుక్రవారం రెండు దాటాక ఈ దేశంలో ఏ ఇంజినీరూ ఇంజినీరుగా ఉండడు. అతనికి ఏం చెప్పాలో ఎగాన్‌కు ఇప్పటికీ తేలలేదు. సరిగ్గా నిలబెట్టండి అనా, కాస్త ఒరిగే ఉంచండి అనా. ఇల్లు తనదే, కానీ తేలాల్సింది ఇంటి సంగతి కాదు. పక్క పరుపు మీద అటు తిరిగి పడుకున్న మనిషి సంగతి.

ఆ ఇల్లు. వీధి కింద బొగ్గు తవ్వుకుపోయారు, పైన వీధి ఒరిగింది, అంతే కదా. వాళ్ళ వీధిలో నిటారుగా నిలబడ్డ ఇల్లంటూ ఉంటే దాన్నే జనం ఆగి చూసేవాళ్ళు. యబ్లోంకా ఇల్లు తోట వైపు ఒరిగింది. సూపు పోస్తే పళ్ళెంలో ఒక పక్కకు చేరేది, అందుకని అందరూ తోటకు వీపు పెట్టి కూర్చుని తినేవాళ్ళు. బఠాణీలు వండితే భోజనం కాదు, వేట. క్రిస్మస్ చెట్టును ఏటా తీగతో కిటికీ చట్రానికి కట్టేసేవాళ్ళు, కట్టేసినా అది దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా నిలబడేది. కూతురు ఉటె మొదటిసారి నడిచినప్పుడు హాలులోంచి వంటింటిదాకా ఆగకుండా నడిచేసింది. తొమ్మిదో నెలలోనే నడిచేసిందని ఊరంతా చెప్పుకున్నాడు. వంటింట్లోంచి తిరిగి హాలులోకి రావడానికి దానికి ఇంకో రెండు నెలలు పట్టిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చుట్టాలు వస్తే ఒక్క గ్లాసు బీరుతోనే తూలేవాళ్ళు. ఎంత పొదుపు! బావమరిది ఒకసారి తాగకుండానే తూలి, తాగుబోతని పేరు తెచ్చుకుని వెళ్ళాడు.

ఆ ఇంటిని కొన్నది ఎగానే. రోస్విట వద్దంది. గుమ్మంలో నిలబడి చేతిసంచీలోంచి ఆపిల్ పండు తీసి నేల మీద పెట్టింది, అది దొర్లుకుంటూ పోయి అవతలి గోడను కొట్టుకుంది. ఇల్లు ఒరిగింది అంది. ఆపిల్ గుండ్రంగా ఉందిలే అన్నాడు తను. ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపే మనిషి, మరుగుతున్న ఉక్కు తొట్టిని వెంట్రుకవాసి తేడా రాకుండా దింపే కన్ను తనది, ఆ కంటికి ఒరగనిది ఒరిగిందని ఇంకొకరు ఎట్లా అంటారు? ఊరు ఒరిగింది, ఇల్లు కాదు అని ఏళ్ళ తరబడి వాదించాడు. గని కంపెనీ నష్టపరిహారం ఇస్తుందట అని తెలిసిన రోజున మాత్రం మనిషి మారిపోయాడు. వచ్చిన పరీక్షాధికారి ముందు రసమట్టం పెట్టి, గోళీలు దొర్లించి, సూపు కూడా పోసి చూపించాడు. ‘మా ఇల్లంత ఒరిగిన ఇల్లు ఈ జిల్లాలో లేదండీ’ అని ఛాతీ విరుచుకుని చెప్పాడు. ఆ పూట రోస్విట వంటింటి తలుపుకు ఆనుకుని చేతులు కట్టుకుని చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆపిల్ పండు ఒకటి తీసుకుని కొరికింది.

ఇప్పుడు కంపెనీ ఖర్చుతోనే ఇంటిని జాకీల మీద ఎత్తి నిలబెడుతున్నారు, కంపెనీ ఖర్చుతోనే ఈ హోటలు. ఖర్చు ఎవరిదైతేనేం, నిద్ర పట్టాలి కదా. నిద్ర ఎందుకు పట్టడం లేదో ఎగాన్‌కు మొదట్లో తెలియలేదు. దిండు అనుకున్నాడు. దిండు మీద రాత్రికో చిన్న మిఠాయి పొట్లం పెడుతున్నారు, అది తినడం వల్లనేమో అనుకుని రెండు రోజులు మానేశాడు. రోస్విట రెండు పొట్లాలూ తిని హాయిగా నిద్రపోయింది. మూడో రాత్రి కాబోలు, చేయి చాపితే చేయి సందులో పడింది. అప్పుడు తెలిసింది. మనిషి లేదు.

ఇంట్లో ఉన్నది ఒకటే వెడల్పాటి పరుపు. పెళ్ళైన కొత్తలో కొన్నది. మన వాళ్ళెవరూ ఇట్లాంటిది కొనరండీ, ఇది ఫ్రెంచి వాళ్ళ అలవాటు అని దుకాణం వాడు కన్ను కొట్టాడు. రోస్విటది కిటికీ వైపు, అంటే ఎగువ. తనది తలుపు వైపు, పల్లం. తెల్లవారుజాము షిఫ్టుకు లేచి పోవాలి కాబట్టి తలుపు వైపు. దీపం ఆర్పిన కాసేపటికి రోస్విట మెల్లగా జారేది. ముందు దుప్పటి వచ్చేది, తర్వాత మోచేయి, తర్వాత వీపు మొత్తం వచ్చి తన పక్కటెముకలకు ఆనేది. పగలంతా పోట్లాడుకున్న రోజున కూడా. పరీక్షాధికారి ముందు ఆపిల్ కొరికిన రోజున కూడా. అత్తగారు పోయిన రాత్రి కూడా, ఏడుస్తూనే, జారింది. కర్మాగారం మూసేసి తనను ఇంటికి పంపేసిన రాత్రి తను తలుపు వైపు తిరిగి రాయిలా పడుకుంటే, ఆ రాయికి కూడా వచ్చి ఆనింది. ముప్పై ఏళ్ళ పైబడి ఒక్క రాత్రి తప్పలేదు. తను దానికి ఒక పేరు పెట్టుకున్నాడు మనసులో. ఆ పేరు నోటితో ఎప్పుడూ అనలేదు, ఈ ప్రాంతంలో మగవాళ్ళు అనరు. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే, కూర మిగల్చలేదంటే బాగుందన్నట్టే, ఇల్లు వదిలి పోలేదంటే మిగతాది అన్నట్టే. అదంతా బాగానే నడిచింది. ఈ సమంగా ఉన్న మంచం మీదికి వచ్చేదాకా.

ఇక్కడ రోస్విట జారడం లేదు. ఒక్క వేలెడు కూడా. పెట్టిన చోట పెట్టినట్టు పడుకుని, తెల్లవారి అదే చోట లేస్తోంది, మొహం కడిగిన ముత్యంలా, ఎంత మంచి నిద్రో అంటూ. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. ముప్పై ఏళ్ళపాటు తన పక్కకు చేరింది రోస్విట కాదా? ఇంటి వాలా? తను ప్రేమ అనుకున్నది, ఛ, ఆ మాట లోపల అనుకున్నా సిగ్గే, అది కేవలం బొగ్గు తవ్విన వాళ్ళ నిర్లక్ష్యమా? ఆ పల్లం వైపు ఒక బీరు పీపా ఉన్నా దానికీ వచ్చి ఆనేదా? ఈ ఆలోచన మొదలయ్యాక ఎగాన్‌కు గుడ్డు కూడా గొంతు దిగడం లేదు. ఇల్లు సమం అయ్యాక ఏమవుతుంది? సోమవారం ఇంటికి పోతారు. ఆ వెడల్పాటి పరుపు మీద రోస్విట కిటికీ దగ్గర, తను తలుపు దగ్గర, మధ్యలో ఒక ఫుట్‌బాల్ మైదానం.

నిన్నగాక మొన్న ఒక ఉపాయం చేశాడు. రోస్విట స్నానానికి వెళ్ళినప్పుడు బీరువాలో ఉన్న అదనపు దుప్పటి మడతపెట్టి ఆమె పరుపు కింద, కిటికీ వైపు అంచున దోపాడు. పడుకుని, ఊపిరి బిగపట్టి కాచుకున్నాడు. రోస్విట కాసేపు కదిలింది. ఇటు వచ్చినట్టే వచ్చింది. ఎగాన్ గుండె కొత్త పెళ్ళికొడుకు గుండెలా కొట్టుకుంది. అంతలో ఆవిడ లేచి కూర్చుని, ‘ఈ పరుపులో ఏదో గడ్డ కట్టింది’ అని దుప్పటి లాగి అవతల పారేసింది. పొద్దున కింద రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చునే నెస్లిహాన్‌తో చెప్పింది కూడా. ఆ పిల్ల చురుకైనది, తాత టర్కీ నుంచి వచ్చి ఇదే గనిలో పనిచేశాడట, గంట తిరక్కుండా కొత్త పరుపు పంపించింది. పాతదాని కంటే బిర్రుగా, పాతదాని కంటే సమంగా ఉంది.

అందుకే నిన్న వెస్ట్‌కాంప్ కాగితాల సంచీతో హోటలుకు వచ్చినప్పుడు, రోస్విట పైనుండగా, ఎగాన్ అతన్ని కాఫీ యంత్రం పక్కకు లాక్కుపోయాడు.

‘ఇంజినీరు గారూ, మొత్తం నిలబెట్టేస్తారా?’

‘రేపటితో అయిపోతుందండీ. ఇంకో రెండు వేళ్ళ ఎత్తు లేపితే చాలు, తర్వాత పునాది సందుల్లో సిమెంటు పోసేస్తాం. బిల్లియర్డ్స్ ఆడుకోవచ్చు.’

‘నాకు బిల్లియర్డ్స్ రాదండీ. ఆ రెండు వేళ్ళూ... వదిలేస్తే?’

వెస్ట్‌కాంప్ కాఫీ కప్పు దించాడు. ‘ఏమిటి వదిలేసేది?’

‘పడకగది వైపు. గోళీ కదిలేంత. ఎవరికీ తెలియనంత.’

‘అయ్యా, పడకగది ఒరిగితే ఇల్లంతా ఒరుగుతుంది, అది సొరుగు కాదు విడిగా లాగడానికి. ఇన్నేళ్ళ సర్వీసులో ఇల్లు నిలబెట్టడం లేదని తిట్టినవాళ్ళను చూశాను. ఒరగబెట్టమని బతిమాలిన వాళ్ళను చూడలేదు. ఇంతకీ ఎందుకండీ?’

ఎందుకో ఎట్లా చెబుతాడు? నడుం నొప్పి అన్నాడు. వెస్ట్‌కాంప్ కాగితాలు సంచీలో పెట్టుకున్నాడు. ‘రేపు మధ్యాహ్నం నేను వెళ్ళిపోయేముందు గదికి ఫోన్ చేస్తాను. ఆలోచించుకుని చెప్పండి. మీ ఆవిడను కూడా అడగండి’ అన్నాడు. అతను పోయాక నెస్లిహాన్ కంప్యూటర్ మీదినుంచి కళ్ళెత్తకుండానే, ‘నడుం నొప్పికి మా అమ్మ వేడి ఇసుక మూట పెడుతుంది అంకుల్. ఇల్లు ఒరగబెట్టడం మాత్రం నేనెప్పుడూ వినలేదు’ అంది. ఆ పిల్లకు అన్నీ వినబడతాయి.

మీ ఆవిడను అడగండి. ఏమని? రోసీ, ఇన్నేళ్ళూ నువ్వు నా దగ్గరికి వచ్చావా, జారావా? ఈ ప్రశ్నకు జవాబు రెండోదైతే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? కొన్ని సంగతులు అడగనంతవరకే మనవి. ఒరిగే ఉంచమందాం. వాలు వల్లనైతేనేం, వస్తుంది కదా. వీపు వీపే. వెచ్చదనం వెచ్చదనమే. రొట్టె మీద వెన్న ఎవరు రాస్తేనేం? కానీ అట్లా అనుకోగానే లోపల ఏదో కలుక్కుమంది. వాలు మీద వచ్చిన మనిషిని వాలు పెట్టి తెచ్చుకోవడం, అది పావురానికి గింజలు చల్లి పావురం నన్ను ప్రేమిస్తోందనడం లాంటిది కాదూ. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, హోటలు మంచం మీద, పొట్టలో దొంగ హ్యామ్ రొట్టెతో, ఇదేం గుబులు. నవ్వొస్తోంది. కళ్ళల్లో నీళ్ళు కూడా వస్తున్నాయి. వెల్లకిలా పడుకున్నందువల్ల అవి చెవుల్లోకి పోతున్నాయి. సమంగా, రెండు చెవుల్లోకీ.

‘ఏమయ్యా.’

ఉలిక్కిపడ్డాడు. రోస్విట అటు తిరిగే ఉంది.

‘నిద్రపోలేదా నువ్వు?’

‘నువ్వు అంత గట్టిగా ఆలోచిస్తుంటే ఎవరికి నిద్ర పడుతుంది? ఏమైంది?’

‘ఏం లేదు.’

‘రెండు రోజులుగా గుడ్డు తినడం లేదు. పరుపు కింద దుప్పట్లు దోపుతున్నావు. నాకు తెలియదనుకున్నావా? గడ్డ కట్టిందని ఆ పిల్లతో అన్నది నీ పరువు కాపాడదామని. చెప్పు.’

ఎగాన్ కప్పుకేసే చూస్తూ చెప్పాడు. మొహం చూస్తూ చెప్పగలిగే సంగతి కాదు. వాలు గురించి చెప్పాడు, వెస్ట్‌కాంప్ గురించి చెప్పాడు, బీరు పీపా గురించి కూడా చెప్పాడు. పక్క పరుపు వణకడం మొదలుపెట్టింది. ఏడుస్తోందనుకుని భయపడ్డాడు. ఏడుపు కాదు. దిండు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, విశ్రాంతి వేళ కాబట్టి చప్పుడు కాకుండా.

‘ఓరి నా క్రేన్ డ్రైవరూ!’ అంది ఊపిరి తిప్పుకుని. ‘మన మంచం ఒరిగిందని నీకెవరు చెప్పారు?’

‘ఎవరు చెప్పేదేమిటి? నేల ఒరిగింది, గోడలు ఒరిగాయి...’

‘మంచం ఒరగలేదు. ఉటె కడుపులో ఉన్నప్పుడు నాకు తల తిరిగేది. మా నాన్నతో చెప్పుకున్నాను. గని కప్పు కూలకుండా కింద దిమ్మెలు నిలబెట్టిన మనిషి, ఆయనకు ఇదో పనా? నువ్వు షిఫ్టులో ఉండగా వచ్చి, నీ వైపు మంచం కాళ్ళ కింద రెండు గట్టి చెక్కలు కొట్టి రసమట్టం పెట్టి చూసి పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో సమంగా ఉన్నది అదొక్కటే.’

ఎగాన్ ఆమె వైపు తల తిప్పాడు. ‘మరి నాకు చెప్పలేదేం?’

‘ఇల్లు ఒరగలేదన్నావుగా నువ్వు! ఒరగని ఇంట్లో మంచానికి చెక్కలు పెట్టానని ఎట్లా చెప్పను? తర్వాత ఒరిగిందని నువ్వే ఒప్పుకునే నాటికి ఆ సంగతి నేనే మరిచిపోయాను. మంచం కింద ఊడ్చినప్పుడల్లా కనిపిస్తాయి. నువ్వు ఎప్పుడైనా ఊడిస్తే నీకూ కనిపించేవి.’

వాన కాస్త పెరిగింది. లారీల హోరు దాని కింద మునిగిపోయింది. మంచం సమం. ముప్పై ఏళ్ళుగా సమం. షిఫ్టు నుంచి వచ్చి మాట్లాడకుండా పడుకున్న రాత్రుళ్ళు, ఆపిల్ రాత్రి, అత్తగారు పోయిన రాత్రి, కర్మాగారం మూసేసిన రాత్రి, అన్నీ ఒక్కొక్కటే లేచి వచ్చి కొత్త మొహంతో నిలబడ్డాయి. వాలు లేదు. అంతా ఆ మనిషే. రోజంతా వంటచేసి, గుడ్డలుతికి, తన మూతి విరుపులు భరించి, దీపం ఆర్పాక సమంగా ఉన్న మంచం మీద తనంతట తానే ఇంత దూరం వచ్చింది. ఎగాన్ ఏదో అనాలి. అలవాటు లేని పని, నోట్లో మాటలు బఠాణీల్లా దొర్లిపోతున్నాయి.

‘మరి ఇక్కడ రావేం?’ అన్నాడు చివరికి, చిన్నపిల్లవాడిలా.

‘చూస్తున్నాను’ అంది రోస్విట. ఇప్పుడు గొంతులో నవ్వు లేదు. ‘ఇన్నేళ్ళూ నేనే వచ్చాను. నువ్వు దిమ్మెలా పడుకునేవాడివి. వద్దనలేదు, రమ్మనలేదు. ఇక్కడికొచ్చిన మొదటి రాత్రి మధ్యలో ఆ సందు చూశాక నాకే బుద్ధి పుట్టింది. నేను పోకపోతే ఏమవుతుంది, ఈసారి ఆయన వస్తాడా అని. ఒక రాత్రి చూశాను, రెండు చూశాను. నువ్వు దుప్పటి మడతపెట్టి పంపావు గానీ నువ్వు రాలేదు.’

‘నువ్వు హాయిగా నిద్రపోతున్నావనుకున్నా.’

‘నిద్ర నటించడం నీ ఒక్కడికేనా తెలిసింది? మిఠాయి తింటూ పడుకున్నా, అంతే.’

ఎగాన్ లేచి కూర్చున్నాడు. లోకంలో అందరు భర్తలూ రోజూ చేసే పనే అయినా, అతను మాత్రం క్రేన్ నిచ్చెన మొదటిసారి ఎక్కుతున్నవాడిలా మంచం అంచును రెండు చేతులా పట్టుకున్నాడు. దుప్పటి తీశాడు. ఒక మోకాలు ముందుకు వేశాడు, ఆ మోకాలు నేరుగా సందులో పడింది. కొత్త పరుపు బిర్రుది కదా, అటు జరిగింది. పాత పరుపు ఇటు జరిగింది. సందు నోరు తెరిచింది. ముందు కాలు, తర్వాత నడుము, తర్వాత ఉక్కు తొట్టిని వెంట్రుకవాసి తేడా లేకుండా దింపిన మనిషి మొత్తంగా, రెండు పరుపుల మధ్య చంకలదాకా దిగబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

రోస్విట లేచి, నవ్వుతో కదిలిపోతూ, ఒక చేత్తో అతని చేయి పట్టుకుని రెండో చేత్తో ఫోన్ అందుకుంది.

‘ఆఁ, వెస్ట్‌కాంప్ గారా? నేను యబ్లోంకా గారి భార్యనండీ. ఆయనిప్పుడు మాట్లాడే స్థితిలో లేరు, పల్లంలో ఉన్నారు... లేదు లేదు, క్షేమమే. ఇల్లా? నిలబెట్టేయండి. పూర్తిగా. రెండు వేళ్ళు కూడా తగ్గకుండా... ఔనండీ, ఆయనే చెప్పమన్నారు. మీకూ శుభ వారాంతం.’

ఫోన్ పెట్టేసింది. పక్క గదిలో ఎవరో విశ్రాంతి వేళలో ఇంత నవ్వేమిటని గోడ మీద తట్టారు. ఆవిడ పట్టించుకోలేదు.

‘సోమవారం పోగానే ఆ చెక్కలు తీసేయాలి’ అంది. ‘లేకపోతే ఇప్పుడు మంచం నా వైపు ఒరుగుతుంది. నువ్వు దొర్లి వచ్చావో, నడిచి వచ్చావో నాకెట్లా తెలుస్తుంది?’

‘నేనెప్పుడు చెప్పమన్నాను, నిలబెట్టమని?’ అన్నాడు ఎగాన్ సందులోంచి, రెండు పరుపుల మధ్య తల మాత్రం పైకి పెట్టి.

‘వచ్చావుగా’ అంది రోస్విట, అతని చేయి వదలకుండా. ‘ఇన్నేళ్ళూ నేను చెప్పిందీ ఇట్లాగే.’